సర్పి మంటకు ఇంట్లో ఏం చేయొచ్చు, ఒంటికి ఏం పూయకూడదు

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగర్. మా అత్తగారికి 64 ఏళ్ళు. చాలా ఏళ్ళుగా షుగరు మాత్రలు వాడుతున్నారు. వారం కిందట కుడివైపు వీపులో సూదులు గుచ్చినట్టు పోటు మొదలైంది, గ్యాసు అనుకున్నాం. మూడు రోజులయ్యాక వీపు నుంచి రొమ్ము కింద వరకు పట్టీ వేసినట్టు ఎర్రగా పొంగి నీటి పొక్కులు వచ్చాయి. సర్పి అన్నారు. పొక్కులు లేచి ఇవాళ్టికి నాలుగో రోజు. జాకెట్టు తగిలినా ఓర్చుకోలేకపోతున్నారు, రాత్రి నిద్ర లేదు. మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు, పూస్తున్నాం. పక్కింటివాళ్ళు ఎర్రమన్ను, వేపాకు నూరి పట్టించమంటున్నారు. పాము తల, తోక కలిస్తే ప్రాణం మీదికి వస్తుందని భయపెడుతున్నారు. మా ఆడపడుచు ఏడో నెలతో పురిటికి వచ్చి ఇంట్లోనే ఉంది. ఇంటి వైద్యంతో మంట తగ్గే దారి చెప్పండి. మావయ్యగారు మంత్రం వేయించాలంటున్నారు, ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, మీరడిగిన ఇంటి వైద్యం వివరంగా చెబుతాం. కానీ అంతకంటే ముందు ఇవాళే జరగాల్సిన పని ఒకటుంది. మీ అత్తగారిని పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికో, దగ్గరలో ఉన్న ఏ డాక్టరు దగ్గరికో తీసుకెళ్ళండి. వంశధార అవతలి ఒడ్డున ఆంధ్రా వైపు ఎవరైనా తెలిసిన డాక్టరు ఉంటే అక్కడికైనా సరే. ఇవాళ అని ఎందుకంటున్నామంటే, సర్పికి వాడే, వైరస్‌ని అణిచే మాత్రలు పొక్కులు లేచిన 72 గంటల లోపల మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. మీకు ఆ గడువు దాటింది. అయినా కొత్త పొక్కులు ఇంకా లేస్తుంటే ఇప్పుడు మొదలుపెట్టినా ఫలితం ఉంటుంది. వయసు అరవై దాటి, షుగరు కూడా ఉన్నవాళ్ళ విషయంలో ఆలస్యమైందని డాక్టర్లు వదిలేయరు. రేపు చూద్దాం అనుకుంటే మాత్రం అవకాశం ఇంకా తగ్గుతుంది.

మాత్ర పేరు ఎసైక్లోవిర్. మామూలుగా పెద్దవాళ్ళకి 800 మిల్లీగ్రాములది రోజుకి ఐదుసార్లు, 7 రోజులు రాస్తారు. పొద్దున్న 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని గోడ మీద రాసి పెట్టుకుంటే తప్పిపోదు. లేకపోతే వాలాసైక్లోవిర్ 1000 మిల్లీగ్రాములది రోజుకి మూడుసార్లు ఇస్తారు. ఖరీదు కాస్త ఎక్కువ, మింగడం సులువు. చాలామంది దగ్గర జరిగే పొరపాటు ఏమిటంటే, పెదవి మీద లేచే జలుబు పొక్కులకిచ్చే చిన్న మోతాదునే షాపులో సర్పికీ ఇచ్చేస్తారు. 200, 400 మాత్రలు రోజుకి రెండు వేసుకుని తగ్గలేదు అంటారు. ఆ మోతాదు సర్పికి చాలదు. అలాగని మీ అంతట మీరు పెంచకండి. షుగరు ఉన్నవాళ్ళకి మూత్రపిండాలు ఎలా ఉన్నాయో క్రియాటినిన్ పరీక్షతో చూసి మోతాదు నిర్ణయించాలి. ఈ మాత్రలు వాడినన్నాళ్ళూ నీళ్ళు బాగా తాగించండి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ కౌంటరులో మందులు ఉచితంగా ఇస్తారు, ముందు అక్కడ అడిగి, లేదంటేనే బయట కొనండి.

ఇక మీకిచ్చిన ట్యూబు. దాని మీద పేరు చదవండి. ఎసైక్లోవిర్ క్రీమ్ అయితే సర్పికి ఉపయోగం లేదు, వైరస్ అసలు స్థావరం చర్మం పైపొర కాదు, లోపలి నరం. బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి పేరు కనిపిస్తే వెంటనే ఆపేయండి. అవి స్టెరాయిడ్లు, డాక్టరు చెప్పకుండా పచ్చి పొక్కుల మీద పూయకూడదు.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ళలో ఆ వైరస్ పూర్తిగా పోదు. వెన్నుపూస పక్కనే నరాల మొదళ్ళలో ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. వయసు మీదపడినా, షుగరు అదుపు తప్పినా, ఏదైనా జబ్బుతో ఒళ్ళు బలహీనపడినా మళ్ళీ లేచి, ఒక్క నరం వెంట చర్మం దాకా వస్తుంది. అందుకే పోటు ముందు, పొక్కులు తర్వాత. వెన్ను నుంచి బయల్దేరే నరాలు కుడివైపువి కుడివైపే, ఎడమవైపువి ఎడమవైపే పొట్ట మధ్య గీత దగ్గర ఆగిపోతాయి. సర్పి కూడా అక్కడే ఆగుతుంది. తల, తోక కలవడం అనేది మామూలు సర్పిలో జరిగే పని కాదు, ఆ భయం మీ అత్తగారి మనసులోంచి తీసేయండి. పెద్దల మాటలో ఒక్క నిజం మాత్రం ఉంది. పొక్కులు రెండు వైపులా వచ్చినా, ఒళ్ళంతా చెదురుమదురుగా లేచినా రోగనిరోధక శక్తి బాగా తగ్గిందేమోనని అనుమానించాలి. అప్పుడు ఆసుపత్రిలో చేర్చాల్సి రావచ్చు. డాక్టరు ఒడియా మాత్రమే మాట్లాడేవారైతే చిన్నప్పుడు హాడఫుటి వచ్చిందో లేదో చెప్పండి, అది ఆటలమ్మకి వాళ్ళ మాట.

ఇప్పుడు మంట సంగతి. ఇంటి వైద్యాలన్నిటిలోనూ సర్పికి నిజంగా పనికొచ్చేది తడిగుడ్డ. ఇది చాలా మామూలుగా కనిపిస్తుంది కాబట్టే సరిగ్గా ఎవరూ చేయరు.

ఒక లీటరు నీళ్ళు మరిగించి మూతపెట్టి చల్లార్చండి. ఆ గిన్నెని అలాగే మూతతో కుండనీళ్ళ పక్కన నీడలో ఉంచితే చాలు. కుండలో నీళ్ళకి ఉండే చలవ సరిపోతుంది, ఫ్రిజ్ నీళ్ళు అక్కర్లేదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర ముక్క తీసుకోండి, దాన్ని సబ్బుతో ఉతికి, ఎండలో ఆరబెట్టి, ఇస్త్రీ చేసి పెట్టుకోండి. నాలుగు మడతలు వేసి, నీళ్ళలో ముంచి, బొట్లు కారనంతగా పిండి, పొక్కుల మీద పరవండి. అద్దడం, రుద్దడం వద్దు, పరిచి వదిలేయడమే. గుడ్డ వెచ్చబడుతుంది కాబట్టి ఐదు నిమిషాలకోసారి తీసి, మళ్ళీ ముంచి పిండి వేయండి. మొత్తం 15 నుంచి 20 నిమిషాలు. తర్వాత గుడ్డ తీసేసి, ఫ్యాను కింద పది నిమిషాలు గాలికి ఆరనివ్వండి. రోజుకి నాలుగైదుసార్లు, అందులో ఒకటి పడుకునే ముందు తప్పకుండా. గుడ్డలోని నీరు ఆవిరవుతూ చర్మంలోని వేడిని లాగేస్తుంది, చిరిగిన పొక్కుల రసి కూడా దాంతో వచ్చేస్తుంది. ఒకసారి వాడిన గుడ్డని వేడినీళ్ళలో సబ్బుతో ఉతకకుండా మళ్ళీ వేయకండి.

ఇందులో తప్పు జరిగేది మూడు చోట్ల. ఐసు ముక్క నేరుగా పెడతారు. షుగరు ఉన్నవాళ్ళకి చర్మం స్పర్శ మందగించి ఉండొచ్చు, ఐసుతో చర్మం చచ్చుబడినా తెలియదు. రెండోది, తడిగుడ్డ గంటల తరబడి ఉంచేసి, పైన ప్లాస్టిక్ కవరు చుడతారు. చర్మం నాని, తెల్లబడి, చీము పడుతుంది. మూడోది, పొక్కులు ఎండి పక్కు కట్టాక కూడా తడిగుడ్డ వేస్తూనే ఉంటారు. పక్కు కట్టాక ఇక ఆపేయాలి, లేకపోతే చర్మం పగులుతుంది. కొందరికి చల్లదనమే నొప్పిని పెంచుతుంది. మీ అత్తగారు గుడ్డ వేయగానే ఉలిక్కిపడితే గది వేడికి సమానంగా ఉన్న నీళ్ళే వాడండి.

వేపాకు మీద నమ్మకం ఉంటే దాన్ని ఈ పనికే వాడుకోండి. రెండు గుప్పెళ్ళ ఆకు శుభ్రంగా కడిగి, రెండు లీటర్ల నీళ్ళలో పది నిమిషాలు మరిగించి, వడగట్టి, పూర్తిగా చల్లార్చి, మామూలు నీళ్ళకి బదులు ఆ నీళ్ళలో గుడ్డ ముంచండి. నరంలో ఉన్న వైరస్‌ని అదేమీ చేయలేదు, కానీ వడగట్టిన నీళ్ళతో సాధారణంగా హాని లేదు. దురద పెరిగితే మానేయండి. నూరిన ముద్ద మాత్రం వద్దు. వేపాకు, పసుపు, ఎర్రమన్ను, ఏ ముద్దయినా ఆరిపోయాక పక్కుతో కలిసి అట్టకట్టుకుంటుంది. కడిగేటప్పుడు పక్కు ఊడి కింద పచ్చిపుండు బయటపడుతుంది. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు పుండులోకి వెళ్తాయి. పైగా ఎరుపు రంగు కింద చీము పట్టిందో, ఎరుపు పాకుతోందో డాక్టరుకి కూడా కనిపించదు. సున్నం, కిరసనాయిలు, బూడిద, టూత్‌పేస్టు, నిమ్మరసం గురించి చెప్పనక్కర్లేదు, ఒక్కటీ వద్దు. పచ్చి వెల్లుల్లి నూరి పెడితే మంచి చర్మం కూడా కాలినట్టు బొబ్బలెక్కుతుంది.

దురద కూడా ఉంటే కాలమైన్ లోషన్ వాడొచ్చు. సీసా బాగా కుదిపి, దూదితో పలచగా, చిరగని పొక్కుల మీద మాత్రమే. పొద్దున పూసింది తడిగుడ్డతో వచ్చేశాకే మళ్ళీ పూయాలి, పొర మీద పొర వేస్తే అదీ అట్టకడుతుంది. ఓట్స్ దొరికితే ఏ మసాలా లేనివి తీసుకుని మిక్సీలో మెత్తని పిండి చేయండి. గ్లాసు నీళ్ళలో చెంచా పిండి కలిపితే పాలలా తెల్లగా మారాలి, అడుగున గింజలా దిగితే ఇంకా ఆడించాలి. అర లీటరు చల్లని నీళ్ళలో రెండు పెద్ద చెంచాలు కలిపి, తడిగుడ్డకి ఆ నీళ్ళు వాడితే దురదకి హాయిగా ఉంటుంది. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, నిలవ ఉంచితే పులుస్తుంది. ఓట్స్ లేవని గంజి పూయకండి, ఆరాక చర్మాన్ని బిగదీసి ఇంకా లాగుతుంది.

పొక్కులు చిరిగి పచ్చిగా ఉన్న చోట వాసెలిన్ పలచగా రాసి, అంటుకోని రకం డ్రెస్సింగు వేసి, పైన వదులుగా గాజుగుడ్డ కట్టండి. గాజుగుడ్డ నేరుగా పుండు మీద వేస్తే దారాలు అతుక్కుపోతాయి, తీసేటప్పుడు నరకం. అతుక్కుపోతే చల్లార్చిన నీళ్ళతో పూర్తిగా నానబెట్టాకే తీయండి. పొక్కుల్ని సూదితో పొడవొద్దు.

జాకెట్టు తగిలినా భరించలేకపోవడం గురించి రాశారు. దెబ్బతిన్న నరానికి గట్టిగా నొక్కడం కంటే గాలికి కదిలే గుడ్డ తాకిడే ఎక్కువ బాధ. అందుకే మరీ వదులు బట్టలు వేసినా కొందరికి ఉపశమనం రాదు. ముందు పగలంతా జాకెట్టు, లోపలి బట్టలు, లంగా బొందు బిగుతు మానిపించి, పాతబడిన నూలు నైటీ వేయించండి. ఆ కదలికే బాధ పెడుతోందంటే, కుట్లు లేని మెత్తని బనియన్ లాంటిది ఒంటికి అంటుకుని ఉండేలా, బిగించకుండా వేసి చూడండి. ఏది హాయిగా ఉందో ఆమే చెబుతారు. రాత్రి ఎడమవైపు తిరిగి పడుకోబెట్టి, కుడిచేతి కింద ఒక దిండు పెట్టండి, చెయ్యి పొక్కులకి రాసుకోదు. ఫ్యాను గాలి నేరుగా ఒంటి మీదికి కాకుండా పక్కకి తిప్పండి.

ఎంత చేసినా ఇవన్నీ చర్మాన్నే చల్లబరుస్తాయి. లోపల నరంలో పుట్టే పోటుకి మాత్ర కావాలి, అందులో నామోషీ ఏమీ లేదు. పారాసెటమాల్ 650 మాత్ర ఆరు గంటలకొకటి చొప్పున, రోజుకి నాలుగు మించకుండా ఇవ్వొచ్చు. లివరు జబ్బు ఉంటే డాక్టరుని అడిగాకే. నొప్పి పీకాక వేసే కంటే వేళ ప్రకారం వేస్తేనే పనిచేస్తుంది, చివరిది పడుకోవడానికి గంట ముందు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి షుగరు ఉన్నవాళ్ళ మూత్రపిండాలకి మంచివి కావు, షాపులో అడిగి కొనకండి. పారాసెటమాల్‌తో నిద్ర పట్టకపోతే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి నరాల మందులు డాక్టరు చిన్న మోతాదుతో మొదలుపెడతారు. మొదటి రోజుల్లో మగత, తూలుడు ఉంటాయి. రాత్రి బాత్‌రూమ్‌కి లేచేటప్పుడు ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి. నొప్పి తగ్గింది కదా అని వీటిని ఒక్కసారిగా ఆపకూడదు.

మీ ఆడపడుచు విషయం తేలిగ్గా తీసుకోకండి. సర్పి ఒకరి నుంచి ఒకరికి సర్పిగా అంటదు. కానీ పొక్కుల రసి తగిలితే, ఇదివరకు ఆటలమ్మ రానివాళ్ళకి ఆటలమ్మ వస్తుంది. గర్భిణికి అది ప్రమాదం. ఆమెకి చిన్నప్పుడు వచ్చిందో లేదో పుట్టింటి పెద్దలే కదా చెప్పాలి, మీ మావయ్యగారిని, అత్తగారిని గట్టిగా గుర్తుచేసుకోమనండి. వచ్చి ఉంటే భయం లేదు. రాలేదన్నా, సరిగ్గా తెలియదన్నా రేపే ఆమెను చూసే డాక్టరుకి ఈ సంగతి చెప్పండి. రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు, రక్షణ ఇంజెక్షను అవసరమైతే అది కూడా తగిలిన పది రోజుల లోపే. అప్పటిదాకా గదులు వేరు, తువ్వాళ్ళు, దుప్పట్లు వేరు, డ్రెస్సింగు పని ఆమె చేయకూడదు. ఆటలమ్మ పోసినవాళ్ళెవరైనా ఆ పని చేసి చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. పొక్కులన్నీ పక్కు కట్టేవరకే ఈ కట్టడి, సాధారణంగా వారం నుంచి పది రోజులు. నెలలు నిండని పసిపిల్లలు ఇంటికి వస్తే వాళ్ళకీ ఇదే జాగ్రత్త.

పథ్యం పేరుతో పప్పు, నూనె, ఉప్పు మాన్పించకండి. షుగరు మాత్ర వేసి అన్నం తగ్గిస్తే షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. నొప్పి, నిద్రలేమితో అది పెరగనూవచ్చు, కాబట్టి వారం పాటు రోజూ ఒకసారి చూడండి. పప్పు, గుడ్డు, పెరుగు, కూరలు, చోడి అంబలి మామూలుగానే పెట్టండి. పఖాళ (నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం) ఇష్టమైతే ఇవ్వొచ్చు గానీ అన్నం లెక్క మాత్రం తప్పకూడదు. స్నానం కూడా మాన్పించొద్దు. గోరువెచ్చని నీళ్ళు మెల్లగా పోసి, రుద్దకుండా, తువ్వాలుతో అద్దండి.

రెండు నుంచి నాలుగు వారాల్లో పక్కులు రాలిపోతాయి. అప్పుడు కొబ్బరినూనె పలచగా రాయొచ్చు. కలబంద వాడాలనుంటే మట్టని కోసి, కోసిన వైపు కిందికి పెట్టి పావుగంట నిలబెట్టండి. కారే పసుపు జిగురు చర్మాన్ని మండిస్తుంది, అది పోయాక కడిగి, లోపలి గుజ్జు మాత్రమే వాడండి. ముందు మంచి చేతి మీద రాసి ఒక రోజు చూడండి. చర్మం మానినా నొప్పి మూడు నెలలు దాటి ఉంటే దాన్ని సర్పి మిగిల్చిన నరాల నొప్పి అంటారు. వయసు పెరిగేకొద్దీ ఈ ముప్పు ఎక్కువ, మేము మొదట మాత్రల గురించి అంత పట్టుబట్టింది దీనికే. ఆ దశలో, చర్మం పూర్తిగా మానాక, 5 శాతం లిడోకేయిన్ ప్యాచ్ 12 గంటలు వేసి 12 గంటలు తీసేయడం ఒక దారి. మిరపకాయలో కారం పుట్టించే క్యాప్సైసిన్ క్రీము మరొకటి, 0.025 లేదా 0.075 శాతంది. రోజుకి మూడు నాలుగుసార్లు, గ్లవ్స్ వేసుకుని రాయాలి. మొదటి వారం రెండు వారాలు మండుతుంది. మంటకి భయపడి రోజుకి ఒకసారే రాస్తే ఆ మంట ఎప్పటికీ పోదు, ఫలితమూ రాదు. మెంథాల్ కలిసిన కీళ్ళనొప్పుల జెల్ దీనికి బదులు కాదు. ఇంట్లో మిరపకాయ నూరి పెట్టడం అసలే కాదు.

కింది వాటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. నుదుటి మీద, కంటి చుట్టూ, ముఖ్యంగా ముక్కు కొన మీద పొక్కు లేవడం, కంటికి ముప్పు అని దానర్థం. చెవిలో పొక్కులతో మూతి వంకర పోవడం. తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, మాట తడబడి అయోమయంగా ఉండటం. మూత్రం బిగుసుకుపోవడం. పొక్కుల చుట్టూ ఎరుపు గంటగంటకీ పాకి, చీము, చలిజ్వరం రావడం. కాశీనగర్‌లో ఆగకుండా పర్లాకిమిడికో, అవసరమైతే అక్కడి నుంచి బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికో వెళ్ళాలి.

ఇంట్లో యాభై దాటిన మిగతావాళ్ళకి సర్పి రాకుండా టీకా ఉంది, షింగ్రిక్స్ అంటారు. 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. రెండు డోసులు, మధ్య రెండు నుంచి ఆరు నెలలు. ఖరీదు ఎక్కువే. మీ అత్తగారికి కూడా తగ్గాక ఎప్పుడు వేయించాలో డాక్టరు చెబుతారు.

చివరగా మంత్రం. సర్పి పొక్కులు మంత్రం వేసినా, వేయకపోయినా రెండు నుంచి నాలుగు వారాల్లో మానతాయి, అందుకే మంత్రంతో తగ్గిందని అందరికీ అనిపిస్తుంది. మావయ్యగారి మనసు కష్టపెట్టనక్కర్లేదు. ముందు డాక్టరు, మొదటి మాత్ర ఆమె కడుపులో పడటం, ఆ తర్వాతే మంత్రం అని చెప్పండి. వెళ్ళేటప్పుడు పొక్కుల మీద డ్రెస్సింగు వేసి పంపండి. అక్కడ పసరు పూస్తామన్నా, నోటితో నీళ్ళు ఊదుతామన్నా, వేడి ఇనుము తాకిస్తామన్నా వద్దనండి. తాయెత్తు కడతామంటే ఎడమ చేతికి కట్టమనండి. నడుముకి, ఛాతీకి దారం వద్దు, అది రాసుకున్నంతసేపూ ఆమెకి ప్రాణం పోతున్నట్టుంటుంది.